ఆ ఆసుపత్రిలో ఎవరూ చావరు

ఈ రోజు మా బావను వెంటబెట్టుకుని పట్నంలోని ఆసుపత్రికి వెళ్లాను. ఆయన భార్య, మా చెల్లెలి పెద్దకర్మ మొన్ననే అయింది. కాన్పయ్యాక నెత్తురు ఆగడం లేదని మేం ఎంత మొత్తుకున్నా, పగలంతా దాన్ని అక్కడి వరండాలోనే ఉంచేశారు. సాయంత్రానికి డాక్టరుగారు వచ్చి చూసి, "ఊపిరుండగానే ఇంటికి చేర్చుకోండి" అన్నారు. ఇంటి బయట ప్రాణం పోతే శవాన్ని గడప లోపలికి రానివ్వరు మా ఊళ్లో. అందుకని మారుమాట లేకుండా బండెక్కించాం. ఆమదాలవలస రైలుగేటు వేసి ఉంది. గేటు తీసేలోపే పోయింది.

"పగలంతా ఎందుకు సూడనేదు బాబూ?" అని బావ ఇవాళ వార్డులో డాక్టరుగారిని నెమ్మదిగానే అడిగాడు.

డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "మా దగ్గర పోలేదు కదయ్యా. దారిలో పోయింది."

"మరైతే ఎవుల్ని అడగాల? గేటేసినోణ్ణి అడగాలా, బండెడ్లని అడగాలా?"

ఆయన పక్క మంచం దగ్గరికి నడిచారు. అక్కడ ఒక ముసలమ్మ ఎగఊపిరితో ఉంది. ఆమె కొడుకు భుజం మీద చెయ్యేసి, "ఊపిరుండగానే ఇంటికి చేర్చుకో నాయనా" అన్నారు. ఎంత మెత్తటి గొంతో!

మీ వైపు ఆసుపత్రుల్లోనైనా మనుషులు చస్తున్నారా? అలాంటిదుంటే చెప్పండి, ఒకసారి చూసొస్తాను. ఇక్కడ మాత్రం ఇంతవరకూ ఎవరూ చావలేదట.

ఆ కొడుకు ఏడుస్తూ డాక్టరుగారి కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆ సాయంత్రం మేమూ పెట్టాం.