మేనమామ ఒడి, పొట్ట మీద సంచి

అక్క కూతురు చిన్నికి చెవులు కుట్టించాలి. మేనమామ ఒడిలో కూర్చోబెట్టే కుట్టించాలి. "నీ పొట్టకు ఆ సంచి ఉండాది గదరా, నీకు కుదరకపోతే పెదనాయన కొడుకు కూర్చుంటాడులే" అని అక్క ఫోన్ చేసింది. నాకు ఒళ్ళు మండింది. సొంత మేనమామను నేనుండగా వాడెవడు? ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఉదయగిరి దాటి బయల్దేరాను, మా ఆవిడను వెంటబెట్టుకుని.

మలం సంచిలోకి పోయేలా పొట్ట మీద ఎర్రగా బయటికి తీసిన పేగు కొనను డాక్టర్లు స్టోమా అంటారు, మా ఆవిడ కొత్తల్లుడు అంటుంది. వేళకు మర్యాదలు జరగాలి, ఎప్పుడు నోరు చేసుకుంటాడో తెలియదు. తెల్లవారి ఏమీ తినకముందే సంచి మార్చాను. నేను చెక్క గరిటెలు చేసేవాణ్ణి. సంచిని చర్మానికి అతికించే పట్టీకి రంధ్రం కత్తిరించడానికి, ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే ఒక చెక్కబిళ్ళను కొలతగా చేసుకున్నాను. ఆ రోజూ దాన్నే పెట్టి గీశాను.

ఏడున్నర బస్సు. పక్క సీట్లో ఒక అవ్వ, ఆమె ఒళ్ళో మేకపిల్ల. సగం దూరం పోయాక కంపు మొదలైంది.

"ఎవురమ్మా ఇది?" అన్నాడు కండక్టర్.

అవ్వ మేకపిల్లను ఒక్కటిచ్చింది. "బస్సులోనే చేయాల్నా నీకు?"

అది నావైపు చూసి మే అంది. చొక్కా కింద నాకు తడి తగులుతోంది. "అవ్వా, దాన్ని కొట్టొద్దు. నేనే" అన్నాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ఇంత మనిషివి, నీకేమొచ్చిందిరా?" ఆపరేషన్ సంగతి చెప్పాను. "కిటికీలు తియ్యండ్రా, అబ్బయ్యకు కడుపు కోసినారంట!" అని బస్సంతా వినపడేలా అరిచింది. సిగ్గుతో చచ్చాను.

ఆత్మకూరులో దిగి ఆటోలో అక్క ఇంటికి, నేరుగా స్నానాలగదికి. పట్టీ ఊడదీసి మా ఆవిడ తల కొట్టుకుంది. "వాపు తీసి అల్లుడు చిక్కిపోయినాడయ్యా! నీ చెక్కబిళ్ళ చిక్కిందా?" రంధ్రం పెద్దదై, సందులోంచి కారి చుట్టూ చర్మం ఎర్రబడింది. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, కాగితంతో కొత్తగా కొలిచి, స్టోమా కన్నా రవ్వంత పెద్దగా కత్తిరించాం. అతికించి, వేడికి పట్టుకునేలా అరచెయ్యి ఆనించి కూర్చున్నాను.

బయట అక్క గొణిగింది. "పెదనాయన కొడుకును పిలవమంటావా?"

"చిన్నిని ఇట్టియ్యి" అన్నాను.

చెవులు కుట్టే ఆచారి సూది తీయగానే చిన్ని తన్నింది. మడమ సరిగ్గా సంచి మీద! నా పైప్రాణాలు పైనే పోయాయి. సంచి ఊడలేదు. సూది దిగింది, ఏడవడానికి పిల్ల నోరు తెరిచింది, అంతలో అల్లుడు బుర్రుమన్నాడు. పందిట్లో తలలన్నీ నావైపు తిరిగాయి. చిన్ని నోరు మూసుకుని నా పొట్ట చూసింది.

"మామా, ఇంగోసారి!"

"నా చేతిలో లేదు తల్లీ" అన్నాను. మళ్ళీ కూస్తుందేమోనని పొట్ట మీద చెయ్యేసి కదలకుండా కూర్చుంది. ఆచారి రెండో చెవీ కుట్టేశాడు.

సాయంత్రం బస్సు కిటకిటలాడింది. ఇలా ప్రయాణం చేసేవాళ్ళకు ఒక మాట: మూడో వంతు నిండకముందే సంచి ఖాళీ చేసుకోండి, ఇంకో సంచి చేతిలోనే ఉంచుకోండి, కొలత మళ్ళీ మళ్ళీ చూసుకోండి. ఆపరేషన్ అయినప్పటి నుంచి నా దగ్గరికొచ్చిన పిల్లల్నల్లా "మామకు తగులుతాది" అని ఎవరో ఒకరు లాగేసేవాళ్ళు. చంకలో బిడ్డతో ఒకామె మా సీటు పక్కనే నిలబడి తూలుతోంది. మా ఆవిడ నావైపు చూసింది.

"బిడ్డను నా ఒళ్ళో కూర్చోబెట్టమ్మా" అన్నాను.