విశ్వనాథం గారి పాస్‌వర్డ్

ఆఫీసులో ఎవరి ల్యాప్‌టాప్ ఫ్యానైనా గుర్రుమని తిరగడం మొదలుపెడితే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ట్రాయ్ అనే ఊళ్లో విశ్వనాథం గారింటి డైనింగ్ టేబుల్ గుర్తొస్తుంది.

ఆయన నా మొదటి మేనేజర్. నేను కొత్తగా చేరినప్పుడు టీమ్‌లో అందరి పాస్‌వర్డ్‌లూ ఎంత గట్టివో పరీక్షించారు. నాది కాఫీ చల్లారేలోపే బయటపడింది: మా పాప పేరు, పుట్టిన సంవత్సరం. నన్ను పక్కగదిలోకి పిలిచి, తలుపు వేసి మరీ చెప్పారు. "ఒకదానికొకటి సంబంధం లేని మాటలు కలిపి పెట్టుకోమ్మా. పొడుగే బలం. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తెరవలేదు. నువ్వు మర్చిపోతే నీక్కూడా అంతే." సిగ్గుతో నేల చూశాను. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. ఈ పనిలో నాకు వచ్చిందంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆయన రిటైరయ్యాక భార్య పోయారు. తర్వాత ఆయనకు స్ట్రోక్ వచ్చింది. మనిషి తేరుకున్నారు గానీ, కొన్ని జ్ఞాపకాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఇంటి వీడియోలన్నీ దాచిన హార్డ్ డిస్క్ పాస్‌వర్డ్ వాటిలో ఒకటి. పాత టేపులన్నీ అందులోకి ఎక్కించి, టేపులు పారేశారట. కూతురు మేఘన ఫోన్ చేసి, "ఆంటీ, అమ్మ వాయిస్ అంతా అందులోనే ఉంది, ప్లీజ్" అంది. రికవరీ సాఫ్ట్‌వేర్ తీసుకుని వెళ్లాను.

"తెరుచుకుంటుందంటావా?" అని అడిగారాయన. జవాబు ఆయనకు తెలుసు. నాకు నేర్పిందీ ఆయనే. అయినా ఆ ముఖం చూసి "వస్తుంది సార్" అనేశాను.

ఆ సాఫ్ట్‌వేర్ చేసేదల్లా మనమిచ్చిన మాటల్ని రకరకాలుగా కలిపి వేసి చూడటమే. అందుకని పాస్‌వర్డ్‌లో ఉండొచ్చనిపించే మాటలన్నీ చెప్పమన్నాను. ఆయన కూతుర్ని టీ పెట్టమని లోపలికి పంపి, గొంతు తగ్గించి, "పిచ్చుక" అన్నారు. "మా ఆవిడని అలా పిలిచేవాణ్ణి." తర్వాత ఇంకొన్ని, ఆలుమగల మధ్యే ఉండిపోవాల్సిన మాటలు. నేను తలెత్తకుండా టైప్ చేస్తూ పోయాను.

సాయంత్రం దాకా డైనింగ్ టేబుల్ మీద నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ గుర్రుమంటూనే ఉంది, ఒక్కటీ పనిచేయలేదు. మేఘన ఏడ్చేసింది. "డాడీ, మన బర్త్‌డే వీడియోలకి అంత పెద్ద లాక్ ఎందుకు?"

"జాగ్రత్త అనుకున్నానమ్మా," అని తలదించుకున్నారు. కాసేపటికి నావైపు తిరిగి, "ఆపెయ్. ఇది తెరుచుకోదని మనిద్దరికీ తెలుసుగా" అన్నారు.

కోప్పడినా బాగుండేది. నేనిచ్చిన ఆశను నమ్ముకునే కదా, ఆయన ఆ మాటలన్నీ నా ముందు బయటపెట్టారు.

ఇప్పుడు ఎవరైనా ఇలాంటి డిస్క్ తెస్తే, తెరుచుకోకపోవచ్చనే మొదట చెబుతాను. ఎదుటి మనిషి ముఖం వాడిపోతుంది. ఆ ముఖాన్ని చూస్తూ కూర్చోవడం మాత్రం నాకింకా చేతకావడం లేదు.