గిడ్డమ్మ నేరేడు పొడి

కోసిగి దగ్గరి ఆ చిన్న ఊళ్లో గిడ్డమ్మ పెరట్లోని నేరేడు పండు తినని ఇల్లు లేదు. జూన్ వచ్చేసరికి చెట్టు కింద నేలంతా నల్లబడేది. ఆమె పండ్లకు ఉప్పూ కారం పట్టించి పంచేది. బాగా మగ్గినవాటిని పిసికి, బెల్లం వేసి చిక్కగా ఉడికించి రొట్టెల్లోకి దాచేది. గింజల్ని మాత్రం ఎవరినీ పారేయనిచ్చేది కాదు. వాటిని కడిగి, మిద్దె మీద ఎండబెట్టి, దంచి జల్లించి డబ్బాకెత్తేది. కడుపు నొప్పికి ఆమె తల్లి ఇచ్చిన మందు అది.

రెండేళ్ల కిందట భర్త నాగన్నకు షుగర్ అని తేలింది. గింజల పొడి షుగర్‌కూ పనిచేస్తుందని నమ్మి, అప్పటినుంచి ఆసుపత్రి మాత్రలతో పాటు రోజూ పొద్దున ఒక చెంచా పొడి మజ్జిగలో కలిపి ఇచ్చేది.

ఈ వేసవిలో చేను గట్టున ముళ్లకంప కొడుతుంటే నాగన్న బొటనవేలికి తుమ్మముల్లు దిగింది. పదిహేను రోజులైనా పుండు మానలేదు. వేలు వాచి రంగు మారింది. ఆశా కార్యకర్త శివకుమారి వచ్చి రక్తం చూస్తే మిషన్‌లో షుగర్ నాలుగు వందలు దాటింది.

"అన్నా, మాత్రలు మింగుతాండావా?"

నాగన్న చూపు తిప్పుకున్నాడు. "మానేసి మూడు నెలలాయ. పొడి తాగుతాండా కదా, రెండూ ఎందుకులే అనుకుంటి."

మాత్రలు మానమని గిడ్డమ్మ ఏనాడూ చెప్పలేదు. కానీ మా అమ్మ మందును మించింది లేదని వచ్చినవాళ్లకల్లా చెప్పింది తనే. ఆదోని ఆసుపత్రికి బస్సులో పోతున్నంతసేపూ ఆమె భర్త ముఖం చూడలేకపోయింది.

డాక్టరమ్మ కట్టు విప్పి చాలాసేపు చూసింది.

"ఏలు తీసేస్తారా తల్లీ?" గిడ్డమ్మ అడిగింది.

"ఇంకో వారం ఆగివుంటే చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడైతే కాపాడొచ్చు."

"ఆ పొడి నేనే ఇస్తి. నా చేతులారా చేసినానా?"

"పొడి వల్ల పుండు రాలేదమ్మా, మాత్రలు మానడం వల్ల ముదిరింది. నేరేడు పండు మితంగా తింటే మంచిదే. గింజలు షుగర్‌ను కొంత తగ్గించవచ్చంటారు, ఇంకా గట్టిగా తేలలేదు. మాత్రలకు బదులు మాత్రం కాదు. ఇకమీదట ఏం తాగినా మాకు చెప్పండి."

నాగన్నను ఆసుపత్రిలో చేర్చుకుని ఇన్సులిన్ మొదలుపెట్టారు. రోజు విడిచి రోజు కట్టు మార్చారు. గిడ్డమ్మ కూలికి పోవడం మానేసి ఆయన పక్కనే కూర్చుంది. నాలుగో వారం కట్టు విప్పితే, పుండు చోట గులాబీ రంగులో కొత్త చర్మం కనిపించింది.

"ఇంక భయం లేదు, ఇంటికి పోవచ్చు" అంది డాక్టరమ్మ.

గిడ్డమ్మ ఆమె చేతులు రెండూ పట్టుకుంది. బయట మెట్ల మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఏడ్చింది, మధ్యలో నవ్వింది.

"ఏమే, బాగైనాక ఏడుస్తాండావు?" అన్నాడు నాగన్న.

"శానా ఆకలైతాండాది" అంది ఆమె. పొద్దున ఊరినుంచి వచ్చిన జొన్నరొట్టెల మూట విప్పి, నెల రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా తినింది.