ఎదుటోళ్ల సీసా

బ్రెజిల్‌లోని పరించిన్స్‌లో పుట్టినవాళ్లు ఏటా జూన్ పండగలో పోటీపడే రెండు ఎద్దు బొమ్మల్లో నీలి ఎద్దు పక్షమో, ఎర్ర ఎద్దు పక్షమో అయి తీరాలి. అవతలి పక్షం పేరు నోటితో పలకరు. "ఎదుటోళ్లు" అంటారు, అంతే.

ఫ్రాన్సినెట్ నీలి పక్షం, అదీ ముదిరిన రకం. ఇరవై రెండేళ్లుగా ఆస్పత్రి ల్యాబులో రోగుల కండ ముక్కలు సూక్ష్మదర్శినిలో తేటగా కనబడేలా రంగులేస్తున్న ఈ మనిషి టమాటాలు కూడా పచ్చివే కొంటుంది. ల్యాబులో ఎర్రరంగు సీసాకు "ఎదుటోళ్లది" అని చీటీ అంటించి అలమర వెనక్కి తోసేసింది. రోజూ వాడే గులాబీ రంగుకు మాత్రం మినహాయింపు. గులాబీ ఎవరి పక్షమూ కాదట!

జూన్ పండగ మూడు వారాలుందనగా ఆమె తమ్ముడు ఒరివాల్దో కాలేయం ముక్క ల్యాబుకొచ్చింది. ఏటా నీలి ఎద్దు బొమ్మలో దూరి ఆడేది వాడే. ఈమధ్య రెండడుగులేస్తే చతికిలబడుతున్నాడు.

"ఇనుము పేరుకుందేమో చూడాలి. ఉంటే నీలంగా తేలుతుంది," అంది మనౌస్ నుంచి కొత్తగా వచ్చిన డాక్టర్ లియోనోర్.

"మావాడి లోపల కూడా నీలమేనన్నమాట!"

"ఆ నీలం విడిగా కనబడేలా చుట్టూ ఉన్న కండకు ఎదురు రంగు ఎరుపు వెయ్యండి. మర్చిపోకండి."

తమ్ముడి ఒంటికి ఎదుటోళ్ల రంగా? ఫ్రాన్సినెట్ ఎదురు రంగు కూడా నీలమే వేసి పంపింది.

"ఏమండీ, గాజు పలక మీద తమ్ముణ్ణి పెట్టారా, ఆకాశాన్ని పెట్టారా?" అని డాక్టరమ్మ తల పట్టుకుంది. "నీలంలో నీలాన్ని ఎక్కడని వెతకను? ఆ ముక్కలో ఇంక ఒక్క పొరే మిగిలింది. అదీ పాడైతే మళ్లీ సూది పొడవాలి. గాయం మానేసరికి పండగ వెళ్లిపోతుంది."

ఫ్రాన్సినెట్ అలమర వెనక చెయ్యిపెట్టి సీసా లాగింది. "కార్మో మాతా, కాసేపు అటు తిరుగు తల్లీ," అని ఊరిని కాచే మేరీమాతతో గొణిగి, ఒక కన్ను మూసుకుని ఎరుపు వేసింది.

ఈసారి డాక్టరమ్మ ఆమెనే చూడమంది. ఎర్రటి నేల మీద నీలి చుక్కలు మిలమిలా మెరుస్తున్నాయి.

"ఇంత నీలమే!"

"ఇనుము ఎక్కువైంది. అప్పుడప్పుడూ రక్తం తీస్తే సర్దుకుంటుంది. ఈసారికి ఎద్దులో దూరొచ్చు, ఒక్క రోజే."

ఆమె ఇల్లు చేరేలోపే కబురు చేరింది. ఒరివాల్దో గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"అక్కా! నాకు ఎదుటోళ్ల రంగు పూశావట! నేను మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నోర్ముయ్‌రా! మన రంగులో ముంచితే నువ్వు ఎక్కడున్నావో కనబడనే లేదు. ఎదుటోళ్లొచ్చి నిలబడితేగానీ బయటపడలేదు!"

తను ఏమందో అప్పుడు తెలిసింది ఫ్రాన్సినెట్‌కి. గబుక్కున నోరు మూసుకుని, ఎవరైనా విన్నారేమోనని వీధి రెండు వైపులా చూసింది.