తాడుతో కట్టిన ఏసీ

ఈ రోజు నా మీద మోపిన అభియోగం ఇది: మా దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ అమ్మాయిలందరికీ నాలుగు రోజుల చల్లదనాన్ని నేను దూరం చేశాను. అభియోగం నిజమే. నా సమాధానం కూడా వినండి.

మధ్యాహ్నం ఆరేసిన బట్టల కోసం మేడ మీదికి వెళ్లాను. కొత్త ఏసీ ఔట్‌డోర్ యూనిట్‌ను పిట్టగోడ పక్కన ఎత్తైన ఇనుప స్టాండు మీద నిలబెట్టి, నైలాన్ తాడుతో నీళ్ల ట్యాంకు పైపుకు కట్టారు. బోల్టు ఒక్కటీ లేదు. సరిగ్గా దాని కింద, సందులో, మేమంతా రోజూ ఇడ్లీ తినే బండి ఉంటుంది.

"స్లాబుకి డ్రిల్లు పెడితే వానాకాలం నీళ్లు కారతాయమ్మా. అంత బరువు ఎక్కడికి పోతుంది?" అన్నారు, మెకానిక్‌తో అక్కడే ఉన్న హాస్టల్ నడిపే ఆంటీ, బోల్టులేవని నేనడిగితే.

"ఎక్కడికీ పోకపోతే తాడెందుకు కట్టించారాంటీ?"

ఆంటీ మెకానిక్ యాదగిరన్న వైపు చూశారు. ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

"పొద్దటి సంది నేను గదే అడుగుతున్న మేడం, ఇంటలేరు. డ్రిల్లు వద్దంటే సిమెంటు దిమ్మెలు పోసి, అండ్ల బోల్టులు పెడ్త. జర గోడకెల్లి ఇవతలికి జరుపుదాం. గని నాలుగు రోజులు ఆగాలె."

"నీతో వాదించే కన్నా దిమ్మెలు పోయించడమే నయం తల్లీ," అని ఆంటీ ఒప్పుకున్నారు. అప్పటి నుంచి, చెమటలు తుడుచుకుంటున్న నా రూమ్మేట్లు నాతో మాట్లాడటం మానేశారు.

నన్ను మొండిదాన్నంటున్న వారందరినీ ఒకటే కోరుతున్నాను. రేపు ఉదయం మీ మేడ ఎక్కండి. మీ యూనిట్‌కు ఎన్ని బోల్టులున్నాయో చూసి, ఆ సంఖ్య ఈ పోస్టు కింద రాయండి. ఆ తర్వాతే నాతో వాదనకు దిగండి.