బొండాం పక్కన భోజనం

ఎలుకల గదిలో పనిచేసే ఆయన్ని అక్కడ అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ప్రయోగశాలలో బాగా కొవ్వు పట్టిన ఎలుకలను చూసుకోవడం ఆయన పని. సగం ఎలుకలు హాయిగా కూర్చుని తింటాయి. మిగతా సగాన్ని రోజూ పొద్దున్నే కదిలే పట్టీ మీద పరిగెత్తించాలి. పెట్టిన మేత తూచాలి, మిగిలింది తూచాలి, పెట్టెలో పరిచిన పొట్టులో రాలిన తునకలు కూడా ఏరి తూచాలి. ఏది ఎంత తిన్నదో తెలియాలి కాబట్టి పెట్టెకు ఒక్క ఎలుకే.

అలా ఒక్కటే ఉండడం బాబాయికి నచ్చేది కాదు. భార్య పోయాక ఆయన ఇంట్లోనూ ఒక్క కంచమే. అక్కడ ముద్ద గొంతు దిగదు. అందుకని మధ్యాహ్నం డబ్బా పట్టుకుని ఎలుకల గదిలోనే కూర్చునేవాడు. ఇక్కడ తినకూడదని గోడమీద పెద్దక్షరాలతో రాసే ఉంది. చదవడం రాక కాదు, వరండాలో ఒంటరిగా తినబుద్ధి కాక.

ఆయన కూర్చునేది, బొండాం అని తను పేరు పెట్టుకున్న ఎలుక పెట్టె ముందు. బొండాం పరుగు జట్టులోది, పేరుకు తగ్గ ఆకారం. పట్టీ దిగగానే మూలకు చేరి పడుకునేది, మేతవైపు కన్నెత్తి చూసేది కాదు. ఒకరోజు బాబాయి పెట్టె దగ్గరకు వంగాడు.

"ఏరా, నీకూ సయించట్లేదా?" అన్నాడు.

తోడు లేకే తిండి మానేసిందని ఆయనకు ఆయనే తేల్చేసుకున్నాడు. తేల్చుకున్నాక ఊరుకునే మనిషా! కడ్డీల సందులోంచి బిస్కట్టు ముక్క అందించాడు. బొండాం వాసన చూసి, కరకరా నమిలేసింది. దాన్ని చూస్తూ ఆయనా తిన్నాడు. ఎన్నాళ్ళకో డబ్బా ఖాళీ అయింది. ఇక రోజూ అదే వరస.

సాయంత్రం కూతురు ఫోన్ చేసి అడిగింది. "తిన్నావా నాన్నా?"

"తిన్నానమ్మా. మావాడితో కలిసి."

"మీవాడెవరు?"

"ఆఫీసులో ఉన్నాడులే ఒకడు. మంచి భోజనప్రియుడు."

పరుగు జట్టులో మిగతావన్నీ మేత తగ్గించి సన్నబడ్డాయి. బొండాం మాత్రం మేత తగ్గినా ఇసుమంత కూడా బరువు దిగలేదు. ప్రయోగం నడిపే డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి లోపలేదో జబ్బుంది బాబాయ్. రేపు కోసి చూద్దాం."

చెబితే బాబాయి ఉద్యోగం పోవచ్చు, చెప్పకపోతే బొండాం పోతుంది.

"జబ్బేం లేదమ్మా. బిస్కట్లు పెట్టింది నేనే."

"ఇన్నాళ్ళ పని నీళ్ళపాలు చేశావు కదా! ఎందుకు పెట్టావు?"

"తిండి మానేసి మూలన పడుంటే, దిగులు పెట్టుకుందనుకున్నానమ్మా."

ఆవిడ కోపం కాస్త తగ్గింది. "దిగులు కాదు బాబాయ్. పరిగెత్తాక వీటికి ఆకలి మందగిస్తుంది. తక్కువ తింటాయి, బరువు తగ్గుతాయి. మనం చూస్తున్నదే అది."



"మరి నాకెందుకు ఆకలెయ్యదమ్మా? నేనెక్కడా పరిగెత్తట్లేదే."

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, మెల్లగా చెప్పింది. "కోయడం మానేద్దాం. దీని లెక్క ఇక పనికిరాదు. ఎలుకల్ని చేత్తో పట్టుకోవడం చదువుకునే పిల్లలకు నేర్పే గది ఉంది కదా, అక్కడికిచ్చెయ్. అక్కడ రెండు మూడు కలిపే ఉంచుతారు."

బాబాయే మోసుకెళ్ళాడు. అక్కడి పెట్టెలో రెండెలుకలు ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోతున్నాయి. బొండాం ఒకసారి వాసన చూసి, వాటి మధ్యలోకి దూరి, సర్దుకుని పడుకుంది. ఆయన చాలాసేపు నిలబడ్డాడు. అది మళ్ళీ తల ఎత్తలేదు. ఆయనకు సంతోషమే వేసింది, కళ్ళు మాత్రం తడిశాయి.

ఆ సాయంత్రం మళ్ళీ ఫోన్ మోగింది.

"తిన్నావా నాన్నా?"

"తిన్నానమ్మా."

"మీవాడితోనేనా?"

"వాడికి వేరే గదికి బదిలీ అయిందమ్మా. అక్కడ వాడికి జట్టు దొరికింది," అన్నాడు బాబాయి.

బల్లమీద మధ్యాహ్నపు డబ్బా ఉంది. దాని మూత ఇంకా తీయలేదు.