స్టూలు దగ్గరికి జరుపుకునే డాక్టరమ్మ

ఫిల్మ్ నగర్‌లో స్కానింగ్ తీసే డాక్టరమ్మ, ఏ మాట చెప్పాలన్నా ముందు స్టూలు జరుపుకుని తల్లి పక్కన కూర్చునేవారు. తొంభైల్లో, నా ఏడోనెల స్కానింగ్‌లో ఆవిడ ఒకేచోట మళ్ళీ మళ్ళీ చూశారు.

"మగపిల్లాడేనా అండీ?" అని మా అత్తగారు ఆత్రంగా అడిగారు.

డాక్టరమ్మ దగ్గరగా కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. "బిడ్డకి ఒక కిడ్నీ వాచిందమ్మా. పుట్టాక ఆపరేషన్‌తో సరిచెయ్యొచ్చు. ముందే తెలిసింది కదా, భయపడకు" అన్నారు. తర్వాత అత్తగారితో, "ఆడో మగో నేనెవరికీ చెప్పనండీ. ముందు బిడ్డ బాగుండాలి కదా" అన్నారు.

పాప పుట్టింది. మూడోనెలలో ఆపరేషన్ జరిగి గండం గడిచింది. ఇంటికి తెచ్చే దారిలో అత్తగారు ఆటోని ఫిల్మ్ నగర్‌కి తిప్పించారు. మనవరాలిని డాక్టరమ్మ ఒడిలో పెట్టి, "అందరికన్నా ముందు చూసింది మీరే కదండీ, పేరు కూడా మీరే పెట్టండి" అన్నారు.